బొట్టు పెట్టిన వాల్వులు

మా పెద్దనాయన కొడుకు సుధాకర్ పోయిన ఆదివారం హోసూరు నుంచి కారు వేసుకుని కృష్ణగిరిలో మా ఇంటికి వచ్చాడు. ఏడాదికోసారి కూడా గడప తొక్కని తమ్ముడు వచ్చాడు కదా అని చిక్కగా కాఫీ కలిపి ఇచ్చాను. సగం గ్లాసు తాగేలోపే అసలు సంగతి బయటపెట్టాడు. బజారులోని పాత కొట్టు పడగొట్టి పెద్ద షోరూం కట్టించాడట. లోపలికి అడుగు పెట్టగానే కనిపించేటట్టు ఒక అద్దాల బీరువా పెడతాడట. అందులో మా తాత తక్కెడ, మా నాన్న సోల్డరింగు కడ్డీ, వాటి పక్కన మా అమ్మ పాటలు విన్న పెట్టె ఉంచుతాడట. "ఆ కాలంలోనే మనింటి ఆడపిల్ల వాల్వులతో హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ చేసిందంటే ఎంత గొప్పక్కా! బెంగళూరోళ్ళు ఇప్పుడు ఈ వాల్వులంటే పడి చస్తా ఉండారు. కింద ఒక బోర్డు రాయిస్తాను. అప్పట్లో మా నాయన నీకిచ్చిన ఎంకరేజ్‌మెంటు గురించి కూడా రెండు మాటలు వేస్తాము," అన్నాడు.

ఎంకరేజ్‌మెంటు! ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వచ్చినవాణ్ణి, అందులోనూ నా చేతి కాఫీ తాగుతున్నవాణ్ణి తిట్టడం బాగుండదని పళ్ళు బిగబట్టుకుని వంటింట్లోకి పోయి నిలబడ్డాను. యాభై దాటినదాన్ని, రక్తపోటుకు మాత్ర మింగుతున్నదాన్ని. పాత సంగతులు తవ్వుకోవద్దని డాక్టరమ్మ పోయినప్పుడల్లా చెబుతుంది. ఆమెకేం, చెబుతుంది. కొన్ని కోపాలు మాత్రలకు లొంగవు, లొంగకూడదు కూడా. పెట్టె అక్కడే, వంటింటి అలమారాలో పోపుల డబ్బా పక్కనే ఉంది. అమ్మ పోయిన తరువాత కూడా దాన్ని నేను వంటింట్లోనే ఉంచాను, ఎందుకంటే అది పుట్టింది వంటింటి కోసం.

హోసూరు బజారు వీధిలో మా ఇల్లు కొట్టు వెనకే ఉండేది. ముందు కొట్టు, దాని వెనక సరుకు గది, దాని వెనక వంటిల్లు, వంటింటిని ఆనుకుని మా అమ్మకూ నాకూ ఇచ్చిన ఇరుకు గది. పేరుకు ఉమ్మడి కుటుంబమే గాని తాత పోయాక కొట్టు మీద, ఇంటి మీద పెత్తనమంతా పెద్దనాయనదే. మా నాన్న ఆయన తమ్ముడు. సరుకు గదిలో ఒక బల్ల వేసుకుని ఊళ్ళోవాళ్ళ రేడియోలు బాగుచేసేవాడు. డెంకణికోట నుంచి, జవళగిరి నుంచి కూడా రైతులు రేడియోను తువాలులో మూట గట్టుకుని బస్సులో తెచ్చేవాళ్ళు. సోల్డరు పొగ వాసన, పాత రేడియోల్లో చిన్న బల్బుల్లా వెలిగే గాజు వాల్వులు వేడెక్కినప్పుడు వాటి మీది దుమ్ము కాలే వాసన, వంటింట్లోంచి వచ్చే ఉలవచారు వాసన, కొట్టులోంచి వచ్చే సాంబ్రాణి పొగ, ఇవన్నీ కలిసి ఒకే వాసనగా నా ముక్కులో ఉండిపోయాయి. నేను బడిలో ఉండగానే నాన్న గుండె ఆగి పోయాడు. వారం తిరక్కుండానే ఆయన బల్ల ఉన్న చోట మిక్సీల అట్టపెట్టెలు వచ్చి కూర్చున్నాయి. ఆయన వాల్వుల ట్రంకు మా మంచం కిందికి చేరింది. అమ్మ వంటింట్లో మిగిలింది.

అమ్మకు వంటింట్లో ఉన్న ఒకే ఒక తోడు రేడియో. నాన్న పెళ్ళయిన కొత్తలో తన చేత్తో అమర్చి ఇచ్చినది. పొయ్యికి పైన అలమారాలో ఉండేది, పోపు ఆవిరికి దాని ముందు గుడ్డ జిడ్డు పట్టి నల్లబడింది. తెల్లారకముందే లేచి కొట్టు ముందు నీళ్ళు చల్లి ముగ్గు వేసి, ఇంటిల్లిపాదికీ కాఫీలు ఇచ్చి, రుబ్బురోలు ముందు కూర్చుంటూ రేడియో పెట్టేది. పొద్దున కడప స్టేషను, మధ్యాహ్నం బెంగళూరు, సాయంత్రం ఏది దొరికితే అది. వీణ కచేరీ వస్తే మాత్రం రుబ్బే చెయ్యి ఆగిపోయేది. పెళ్ళికి ముందు కుప్పంలో పుట్టింట వీణ నేర్చుకుందట. అత్తగారింటికి వీణ తీసుకుపోవడం ఎవరికీ తోచలేదు, ఆమె అడగలేదు.

నాన్న పోయిన మరుసటేడు అమ్మకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం పోతూ పోతూ చెవులను పట్టుకుపోవడం మొదలుపెట్టింది. రేడియో గొంతు నెల నెలకూ కాస్త పెరుగుతూ వచ్చింది. అప్పుడు మొదలైంది పెద్దనాయన కేక. మరదలితో నేరుగా మాట్లాడడం ఆయన మర్యాదకు తక్కువ, కాబట్టి కొట్టులో గద్దె మీద కూర్చునే, వెనక్కి తిరక్కుండానే, గాలికి చెప్పినట్టు అరిచేవాడు: "తగ్గించమను!" నేను పరుగెత్తుకుపోయి నాబు తిప్పాలి. కాసేపటికి అమ్మ చెయ్యి తెలియకుండానే మళ్ళీ పెంచేది. "తగ్గించు! తగ్గించు!" ముందు వీధిలో లారీలు హారన్లు కొడుతుంటాయి, కొట్టులో అమ్మకానికి పెట్టిన టీవీలు ఒకేసారి వాగుతుంటాయి, అవేవీ ఆయన చెవికి అడ్డం రాలేదు. వంటింట్లోని వీణ మాత్రం అడ్డమొచ్చింది. చివరికి ఒక రోజు బేరానికి వచ్చినవాళ్ళ ముందే విసవిసా లోపలికి వచ్చి, అలమారాలోంచి రేడియో పీకి, కొట్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. "చెవుడొచ్చినదానికి సంగీతమేందికి?" అన్నాడు. అమ్మకు ఆ మాట వినబడలేదు. ఆయన నోటి వంక చూసింది, తరువాత నా వంక చూసింది. నేను చెప్పలేదు.

ఆ తరువాత నేను కృష్ణగిరిలో డిప్లొమా ఎలక్ట్రానిక్స్‌లో చేరి హాస్టల్‌కు పోయాను. అమ్మను అక్కడి ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరు పరీక్ష చేసి, చెవిలో నరం చచ్చిపోతోందని, మిగిలిన వినికిడి కూడా ఎంతో కాలం నిలవదని చెప్పాడు. ఒక వినికిడి మిషను ఇచ్చారు. రవికెకు తగిలించుకుంటే అది మనిషి మాట కంటే ముందు గిన్నెల మోతను అమ్మ తలలోకి గుద్దేది. రెండు రోజులు చూసి ఆమె దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. అప్పుడు అనుకున్నాను, చెవులు పూర్తిగా పోయేలోపు ఈమెకు పాట వినిపించాలి, పెద్దనాయనకు వినబడకుండా వినిపించాలి. పంతమంటే పంతమే. చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్, పవరు ఎక్కువ అక్కరలేదు, ఒక మనిషి రెండు చెవులకు చాలినంత ఉంటే చాలు.

మొదట అందరిలాగే ఒక చిప్పు పెట్టి కట్టి, హాస్టల్ స్నేహితురాలి దగ్గర కొన్న చిన్న ట్రాన్సిస్టర్ రేడియోకు కలిపి చూశాను. అది పనికి రాలేదు. అమ్మ చెవుల జబ్బు ఎలాంటిదంటే, చిన్న శబ్దం అసలు వినబడదు, పెంచుకుంటూ పోతే ఒక్కసారిగా నొప్పిగా వినబడుతుంది. చిప్పు తన హద్దు దాటగానే శబ్దాన్ని కత్తిపీటతో కోసినట్టు కోసేస్తుంది. వీణ మీటు గట్టిగా పడ్డప్పుడల్లా అమ్మ ముఖం చిట్లించి హెడ్‌ఫోన్ తీసేసేది. వాల్వు అలా కాదు. హద్దు దగ్గర పడుతున్నకొద్దీ మెల్లగా ఒంగుతుంది, కోయదు. ఈ సంగతి నాకు పుస్తకంలో దొరికింది గాని, దొరకగానే గుర్తొచ్చింది నాన్న ట్రంకు. క్లాసులో వాల్వుల మాట ఎత్తితే లెక్చరరు నవ్వి, "మ్యూజియంలో ఉద్యోగం చేస్తావా అమ్మా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నవ్వనీ.

ఇక వాల్వు ఎంపిక. ట్రంకులో రకాలకు కొదవ లేదు. రేడియోల్లో స్పీకరును మోగించే పొడుగాటి వాల్వులు బలమైనవే గాని, వాటికి రెండు వందల పైచిలుకు వోల్టులు కావాలి. తడి చేతులతో వంటింట్లో తిరిగే మనిషి తలకు తగిలించే తీగకు అవతల అంత కరెంటు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇంకో రకం శబ్దాన్ని బాగా పెంచుతుంది గాని హెడ్‌ఫోన్‌ను కదిలించే సత్తువ లేదు. మూడో రకానికి కాస్త సత్తువ ఉంది, కానీ వోల్టులు తగ్గిస్తే నీరసించిపోతుంది. నాకు కావలసింది ఇవేవీ కావు, జీపు వాల్వు. కారు బ్యాటరీ పన్నెండు వోల్టుల మీదే పని చేసేటట్టు వెనకటికి కారు రేడియోల కోసం చేసిన చిన్న వాల్వు అది, లోపలి తీగ వెలగడానికి మాత్రం అందులో సగం, ఆరు వోల్టులే చాలు. చిన్నప్పుడు నాన్న నా అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇది ముట్టుకున్నా షాకు కొట్టదమ్మా, మన మాదిరి పేదది," అన్నాడు. ఒక ఎస్టేటు జీపు రేడియో కోసం తెప్పించినవి రెండే రెండు మిగిలాయి. అంత పేద వాల్వు మామూలు హెడ్‌ఫోన్‌ను మోగించలేదు కాబట్టి, బెంగళూరు పాత సామాన్ల సంతలో వెతికి, సన్నటి తీగ చుట్టిన పాతకాలపు టెలిఫోను ఆపరేటరు హెడ్‌ఫోన్ ఒకటి తెచ్చాను. దానికి కొద్దిపాటి పవరే చాలు. బొమ్మ గీసుకున్నాను, లెక్క కట్టుకున్నాను. ఆయుధ పూజ సెలవులకు ఊరికి పోయి పెట్టె కట్టేయడమే తరువాయి.

బస్సు దిగి కొట్టు గడప ఎక్కేసరికి ఏముంది! అమ్మవారి పటం ముందు మూడు మెట్ల బల్ల, దాని మీద స్క్రూడ్రైవర్లు, టెస్టరు, కత్తెర, అన్నిటికంటే పై మెట్టు మీద మా నాన్న వాల్వులన్నీ గోపురంలా పేర్చి ఉన్నాయి. మా దగ్గర ఆయుధ పూజకు ఇంట్లో పనిచేసే వస్తువు ఏదీ కడగకుండా ఉండకూడదు. కొలబద్ద నుంచి కత్తిపీట దాకా కడిగి, గంధం రాసి, బొట్టు పెట్టాలి. ఆ ఏడు కొట్టుకు కొత్త కంపెనీ ఏజెన్సీ వచ్చింది. చూడడానికి పెద్ద మనుషులు వస్తున్నారని, పూజ నిండుగా కనబడాలని, పెద్దనాయన మా మంచం కింది ట్రంకు లాగించి ప్రతి వాల్వునూ కుంకుడు రసంతో తోమించి, మెత్తటి గుడ్డతో తుడిపించాడు. గాజు మీద సున్నంతో రాసినంత సన్నగా అచ్చు వేసి ఉండే నంబర్లు వేలితో రుద్దినా పోతాయి. కుంకుడు రసానికి ఒక్క అక్షరం మిగల్లేదు. నంబరు ఉండాల్సిన చోట ఒక్కోదానికీ చక్కగా గుండ్రంగా కుంకుమ బొట్టు ఉంది.

"ఎవురు కడగమన్నారు వీటిని?" అన్నాను. చెప్పులైనా విడవలేదు.

పెద్దనాయన బొరుగులు, శనగపప్పులు పొట్లాలు కడుతూ నవ్వు ముఖంతో తలెత్తాడు. "నేనేలే. ఎట్ల మెరుస్తా ఉండాయో చూడు. మీ నాయన ఉన్నన్నాళ్ళూ దుమ్ములో పెట్టినాడు."

"నంబర్లు పోయినాయి పెద్దనాయనా. ఏది ఏదో ఇంక ఎట్ల తెలిసేది?"

"నంబరేందికి? పూజకు నంబరు చూస్తారా? సుమ్మనే మంచం కింద పడుండేటివి, ఈ పొద్దుకైనా దేవుని ముందర కూర్చున్నాయి. సంతోషపడు."

"అవి అమ్మకు పాట వినేదానికి పెట్టుకున్నేవి. అమ్మ చెవులు పోతా ఉండాయి. ఇంకెన్నాళ్ళో కూడా లేదు. నన్ను ఒక మాట అడిగినారా? అమ్మను అడిగినారా?"

ఆయన నవ్వు ముఖం మాడిపోయింది. వచ్చినవాళ్ళ వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "పండగ పూట ఆడపిల్ల కొట్టులో నిలబడి అరిచేది బాగలేదు. లోపలికి పో," అన్నాడు. సరుకు గది తలుపు సందులో అమ్మ నిలబడి ఉంది. మా మాటలు ఆమెకు వినబడలేదు గాని, గోపురంలా ఉన్న వాల్వులను చూసింది, నా ముఖం చూసింది. ఆమెకు అర్థమైంది. బయటివాళ్ళున్న కొట్టులోకి రాకూడదు కాబట్టి తలుపు సందులోంచే చెయ్యి చాపి నన్ను లోపలికి లాక్కుంది.

పూజ అయ్యాక కొట్టు పనివాళ్ళు వాల్వులను వాటి అట్టపెట్టెల్లో తిరిగి సర్దారు. ఏది ఏ పెట్టెలోదో వాళ్ళకేం తెలుసు? పెట్టె మీది పేరు నమ్మి, ముందు బ్యాటరీ సరిచూద్దామని, పన్నెండు వోల్టులకు వెలగాల్సిన రకమని రాసి ఉన్న పెట్టెలోంచి ఒకటి తీసి పన్నెండు వోల్టులకు తగిలించాను. లోపలి తీగ ఒక్కసారి తెల్లగా భగ్గుమని ఆరిపోయింది. వెలగడానికి ఆరు వోల్టులు చాలిన వాల్వు అది. లోపలి అమరిక కూడా అదే కాబట్టి, ఆ రెండు జీపు వాల్వుల్లో ఒకటే అయి ఉండాలి. గాజులోపల మాడిన మచ్చ, పైన కుంకుమ బొట్టు. నేను దాన్ని చేతిలో పట్టుకుని ఏడ్చాను. బాధకు కాదు, కోపానికి. చూపుకు అలాంటి అమరికవే ఆ గుంపులో ఇంకా చాలా ఉన్నాయి, ఇంకొకటి ఎక్కడుందో, ఉందో లేదో తెలియదు.

ఆ సెలవులన్నీ అమ్మా నేనూ ఆ గుంపును వడపోయడంతోనే గడిపాం. పాత మోపెడ్ బ్యాటరీ ఆరు వోల్టులది ఒకటి తెచ్చి ఒక్కోదానికీ మెల్లగా తగిలించేదాన్ని. చాలావరకు ఆరు వోల్టులకు గుడ్డిగా, నిప్పు ఆరిపోతున్న బొగ్గులా ఎర్రగా ఉండిపోయేవి. అవి కావు. నిండుగా వెలిగిన కొద్దింటిని పక్కన పెట్టాను. తరువాత వాటిని ఒక్కొక్కటిగా, తీగకు ఆరు, మిగతాదానికి పన్నెండు వోల్టులు ఇచ్చే బోర్డులో పెట్టి, ఆ చిన్న ట్రాన్సిస్టర్ రేడియోను దానికి కలిపి, హెడ్‌ఫోన్ అమ్మ తలకు తగిలించాను. అమ్మ కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. ఒకటి పెట్టాను, తల అడ్డంగా ఊపింది. ఇంకొకటి పెట్టాను, ఊపింది. ఆ తరువాత దానికి చిక్కుడుకాయ ఒలిచే వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళు మూసుకుంది.

"ఉండాది," అంది గట్టిగా. తన గొంతు ఎంత గట్టిగా ఉందో ఆమెకు తెలియదు. "యాడికీ పోలేదే, ఈడనే ఉండాది!"

పాట గురించి అందో, వాల్వు గురించి అందో నేను అడగలేదు.

పెట్టె మూత బిగించే రోజు వాల్యూం నాబు పెట్టడానికి ముందు వైపు రంధ్రం వేయబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. అదేమిటని సైగ చేసింది. పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ అని వేళ్ళు తిప్పి చూపించాను. "అది వద్దు," అంది. "అదుంటే ఎవురో ఒకరు తగ్గిస్తారు." నేను రంధ్రం వేయలేదు. ఆమెకు హాయిగా వినబడిన చోట ఒక రెసిస్టరు సోల్డరు చేసి గట్టిగా బిగించేశాను. ఆ పెట్టె ఎంత పలకాలో అది ఒక్క మా అమ్మ నిర్ణయించింది. ఆ ఇంట్లో ఆమె నిర్ణయించిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

మరుసటి రోజు పెద్దనాయన భోజనానికి వంటింట్లోకి వచ్చాడు. అమ్మ తల మీద హెడ్‌ఫోన్ చూశాడు. ఇంట్లో చిన్న శబ్దం కూడా లేదు, చారు ఉడుకుతున్న చప్పుడు తప్ప. అయినా ఆయన నోరు ఊరుకోలేదు. "దాన్ని తగ్గించమను," అన్నాడు నా వంక తిరిగి. ఎవరికీ వినబడని దాన్ని తగ్గించమన్న మనిషి ఆయన! ఇదండీ నాకు దొరికిన ఎంకరేజ్‌మెంటు, అద్దాల బీరువాలో పెట్టి బోర్డు రాయించాల్సినది.

అమ్మ ఆ పెట్టెతో కొన్నేళ్ళు పాటలు వింది. నాకు కృష్ణగిరిలోనే లాబ్‌లో ఉద్యోగం వచ్చాక ఆమెను తెచ్చేసుకున్నాను. తరువాత తరువాత ఆ గట్టిదనం కూడా చాలలేదు. అయినా రోజూ హెడ్‌ఫోన్ పెట్టుకునేది, పెట్టె మీద అరచెయ్యి ఆనించి వెచ్చగా ఉందో లేదో చూసుకునేది. ఇప్పుడు గోరంత వినికిడి మిషన్లు వచ్చాయి, ఫోనులో తిప్పి సరిచేసుకుంటారు. చక్కటి చెవులున్నవాళ్ళు వాల్వు శబ్దం వెచ్చగా ఉంటుందని దేశదేశాల నుంచి తెప్పించుకుని బల్ల మీద దీపాల్లా వెలిగించుకుంటున్నారు. వాళ్ళ మీద నాకేం పగ లేదు. కానీ ఏ చెవులకు అది అవసరమైందో ఆ చెవులను సరుకు గది అవతలి నుంచి కసిరినవాళ్ళు ఇవాళ దాన్ని వంశగౌరవం చేసుకుంటామంటే ఊరుకోవడం నా వల్ల కాదు. అమ్మ నోరెత్తలేదు. నోరెత్తడం నాకు మిగిల్చి పోయింది.

పెట్టె తీసుకుని హాల్లోకి వచ్చి సుధాకర్ ముందు బల్ల మీద పెట్టాను. వాడు సంబరంగా ఫోను తీసి ఫోటో తీశాడు. "ఇంకా పని చేస్తా ఉండాదా అక్కా?"

"చేస్తాది. వింటావా?"

రేడియో కలిపాను. వాల్వు వేడెక్కేదాకా ఆగి, హెడ్‌ఫోన్ వాడి చేతికి ఇచ్చాను. నవ్వుతూ తలకు తగిలించుకున్నాడు. మరుక్షణం వాడి ముఖం వంకర తిరిగింది, భుజాలు పైకి లేచాయి. "అక్కా, తగ్గించు! తగ్గించక్కా!" అని అరిచాడు. అచ్చం వాళ్ళ నాయన గొంతే.

హెడ్‌ఫోన్ పీకి పారేసి, చెవులు రుద్దుకుంటూ పెట్టెను ఇటూ అటూ తిప్పి నాబు కోసం వెతికాడు. ముందు చూశాడు, వెనక చూశాడు, బోర్లించి చూశాడు.

"యాడుండాది తగ్గించేది? ఇంత గట్టిగానా చిన్నమ్మ వింటా ఉండింది?"

"మీ అందరి మధ్యలో ఆమెకు అంత నిశ్శబ్దంగా ఉండిందప్పా," అన్నాను. "నాబు లేదు. మీ నాయన తగ్గిస్తాడని అమ్మ పెట్టనీలేదు. బీరువాలో పెట్టుకుంటానంటే తీసుకుపో, బోర్డు మీద ఈ మాట రాయించు."

వాడు మిగిలిన కాఫీ తాగలేదు. పెట్టెనూ తీసుకుపోలేదు.